పుర్రె, ఒరిగిన గ్లాసు, ఆరిపోతున్న వత్తి: డచ్ వానిటాస్ చిత్రాలకు చేతి నకలు వేయించుకోవచ్చా?

చదువులగది (హైదరాబాద్)

అందరికీ నమస్తే. ఇంట్లో పుస్తకాల గదికి ఒక పెయింటింగ్ పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మనసులో ఉన్నది పీటర్ క్లాస్ అనే డచ్ చిత్రకారుడు 1628లో వేసిన చిన్న స్టిల్ లైఫ్, అంటే బల్ల మీద పెట్టిన వస్తువుల బొమ్మ. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పళ్ళ మధ్య సందులున్న ఒక పుర్రె, రాసే ఈక, పక్కకు ఒరిగిపోయిన గాజు గ్లాసు, కొడిగట్టిన నూనె దీపం వత్తి. రంగులు కూడా పెద్దగా లేవు, అన్నీ బూడిద, గోధుమ ఛాయలే. ఇలాంటి చిత్రాలను వానిటాస్ అంటారట. చావును గుర్తుచేసే బొమ్మలు.

ఆన్‌లైన్‌లో ఒక షాపు వాళ్ళు కాన్వాస్ మీద చేత్తో వేసి పంపిస్తామన్నారు. సైజు నాలుగడుగులకు మూడడుగులు తీసుకోండి, గోడ నిండుగా ఉంటుంది అంటున్నారు. ఇంతకుముందు వేసిన దాని ఫోటో కూడా పంపారు. చూస్తే అన్నీ ఉన్నాయి, పుర్రె ఉంది, గ్లాసు ఉంది, కానీ అసలు బొమ్మ చూసినప్పుడు కలిగిన ఆ నిశ్శబ్దం లేదు. ఏం తేడానో చెప్పలేకపోతున్నాను. వేసేవాళ్ళు, చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇలా నకలు వేయించుకోవడం చట్టప్రకారం సరేనా అన్నది కూడా.

---

నూనెరంగుల_అక్క (విశాఖపట్నం)

నేను నకళ్ళు వేస్తాను, అదే నా బతుకుదెరువులో సగం. ముందు సైజు సంగతి తేల్చుకోండి.

ఆ బొమ్మ అసలు కొలత 24.1 x 35.9 సెంటీమీటర్లు. ఏ4 కాగితం కన్నా కాస్త పెద్దది, అంతే. చెక్క మీద వేసింది. దాన్ని నాలుగడుగులకు సాగదీస్తే వైశాల్యం పన్నెండు రెట్లు దాటుతుంది. పుర్రె దిష్టి గుమ్మడికాయంత అయి కూర్చుంటుంది. క్లాస్ దాన్ని టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి చూసే దూరానికి వేశాడు. సోఫాలోంచి చూసే దూరానికి కాదు.

ఇంకో మాట. అసలుకి పొడవు వెడల్పుల నిష్పత్తి దాదాపు మూడుకి రెండు. వాళ్ళు చెప్పేది నాలుగుకి మూడు. అంటే పక్కలు కోసేయాలి, లేదా పైనా కిందా లేనిది కల్పించాలి, లేదా నిలువుగా సాగదీయాలి. ఏది చేస్తారో అడిగి చూడండి. జవాబు చెప్పలేకపోతే వాళ్ళు బొమ్మ వేసేవాళ్ళు కాదు, ఆర్డర్లు తీసుకునేవాళ్ళు.

---

ఎందుకొచ్చిన_గొడవ (వరంగల్)

మెట్రోపాలిటన్ వాళ్ళ సైట్‌లో ఆ బొమ్మ పెద్ద సైజులో ఉచితంగా దిగుతుంది కదా. దించుకుని మంచి కాన్వాస్ ప్రింటు తీయించుకుంటే అయిపోయె. క్లాస్ వేసినదానికి దగ్గరగా ఉండేది ఫోటోనే. మధ్యలో ఇంకొకరి చెయ్యి ఎందుకు? ఆ డబ్బుతో నిజంగానే న్యూయార్క్ వెళ్ళి చూసి రావచ్చు... సరే, వీసా దాకా వద్దులెండి.

---

హేగ్_పక్కూరోడు (నెదర్లాండ్స్)

చట్టం సంగతి నేను చెప్తాను. క్లాస్ పోయి మూడున్నర శతాబ్దాలు దాటింది, కాపీరైట్ అన్న ప్రశ్నే లేదు. మెట్రోపాలిటన్ 2017లో, ఇక్కడి రైక్స్ మ్యూజియం అంతకన్నా ముందే 2012లో, ఇలాంటి పాత చిత్రాల ఫోటోలను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని తెరిచిపెట్టాయి. నకలు వేయడం నేరం కాదు. నకలును అసలని అమ్మడం నేరం. హాన్ వాన్ మీగరెన్ కథ తెలిసే ఉంటుంది. పాతకాలపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ పేరుతో కొత్త బొమ్మలు వేసి నాజీలకు కూడా అంటగట్టి 1945లో దొరికిపోయాడు. పారిస్ లూవ్ర్‌లో ఇప్పటికీ అనుమతి తీసుకుని బొమ్మ ముందు ఈజిల్ పెట్టుకుని నకలు వేసుకోనిస్తారు. ఒక షరతు మాత్రం గట్టిగా పెడతారు: సైజు అసలుతో సమానంగా ఉండకూడదు.

నేను ఉండే ఊరికి హేగ్ దగ్గర. అక్కడి మౌరిట్స్‌హౌస్‌లో ఇదే క్లాస్ 1630లో వేసిన ఇంకో వానిటాస్ ఉంది, 39.5 x 56 సెంటీమీటర్లు. పుర్రె, ఒక ఎముక, చివికిన పుస్తకాలు, బోర్లాపడ్డ గ్లాసు, గడియారం. ఆ మ్యూజియానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వెర్మీర్ వేసిన ముత్యం చెవిపోగు అమ్మాయి బొమ్మ కోసం వస్తారు కాబట్టి దీని ముందు రద్దీ ఉండదు. దగ్గరకు వెళ్తే మొదట కంటికి తగిలేది పుర్రె కాదు, గాజు మీద కిటికీ వెలుగు. ఆ తర్వాత నీడలు. ఆ తర్వాతే పుర్రె. ప్రింట్లలో ఎప్పుడూ పుర్రే ముందుంటుంది.

---

నూనెరంగుల_అక్క (విశాఖపట్నం)

హేగ్ తమ్ముడు అసలు విషయం పట్టుకున్నాడు. చదువులగది గారూ, మీకు ఆ శాంపిల్‌లో నచ్చనిది అదే అయ్యుంటుంది. షాపుల కోసం వేసేవాళ్ళు ఫోన్ తెర మీది బొమ్మ చూసి వేస్తారు. తెర మీద కాంట్రాస్ట్ ఎక్కువ. దాన్ని చూసి వెనక గోడ నల్లగా, పుర్రె పచ్చగా, మెరుపు తెల్లగా పెట్టేస్తారు. క్లాస్ బొమ్మలో నిఖార్సయిన నలుపు వెతికితే బహుశా ఈక నీడ కింద, కంటిగుంటల్లో, అంతే. వెనక గోడ బూడిద రంగు, అది కూడా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా వెలుగు మారుతూ ఉంటుంది. ఆ గోడే బొమ్మలో సగం. 1620ల నుంచి హార్లెమ్ అనే డచ్ ఊళ్ళో క్లాస్, హేడా అనే ఇంకో చిత్రకారుడు ఈ తక్కువ రంగుల పద్ధతిని పట్టుకున్నారు. నాలుగైదు మట్టి రంగులు, తెలుపు, నలుపు. రంగు తక్కువైనప్పుడు వెలుగు నీడల లెక్కలో రవ్వంత తప్పినా దాచడానికి చోటుండదు. అందుకే పూల బొమ్మల కన్నా ఇవి కష్టం, చూడ్డానికి తేలిగ్గా కనిపిస్తాయి గానీ.

తెలుపు సంగతి వేరే చెప్పాలి. వాళ్ళు వాడింది సీసపు తెలుపు. కాస్త వెచ్చగా, పల్చగా పూస్తే కిందిది కనిపించేలా ఉంటుంది. ఎముకకు భలే కుదురుతుంది. విషం కాబట్టి నేను ఇంట్లోకి రానివ్వను. ఇప్పుడందరం వాడే టైటానియం వైట్ ఇరవయ్యో శతాబ్దపు సరుకు, చల్లగా, మందంగా ఉండి ఎముకను సుద్దముక్కలా చేస్తుంది. దాంట్లో కాస్త ఓకర్ (పసుపు మట్టి రంగు), కాస్త రా అంబర్ (గోధుమ మట్టి రంగు) పడాలి, అది కూడా ప్రతి పొరలో వేరు వేరు పాళ్ళలో. నలుపు మాత్రం వాళ్ళదీ మనదీ ఒకటే. ట్యూబు మీద ఐవరీ బ్లాక్ అని ఉంటుంది గానీ లోపల ఉండేది పశువుల ఎముకలు కాల్చిన మసి. పుర్రెను ఎముకల మసితోనే వేస్తాం.

ఎందుకొచ్చిన_గొడవ గారూ, ప్రింటు మీద నాకేం కోపం లేదు. చేత్తో వేశామని చెప్పి ప్రింటు అమ్మేవాళ్ళ మీదే కోపం. కాన్వాస్ ప్రింటు మీద పారదర్శకంగా ఉండే యాక్రిలిక్ జెల్‌ను కుంచెతో అటూ ఇటూ లాగితే గరుకుగా తయారవుతుంది. కనిపెట్టడం తేలిక: భూతద్దం పెట్టి చూస్తే రంగులో సన్నని చుక్కలు కనిపిస్తాయి. పక్క నుంచి టార్చి వేస్తే కుంచె గీతలు ఒక దారిన, బొమ్మ ఇంకో దారిన పోతుంటాయి. గ్లాసు అంచు గుండ్రంగా తిరుగుతుంటే గీత మాత్రం అడ్డంగా ఉంటుంది.

---

ఎముకల_డాక్టరు (గుంటూరు)

ఆర్థోపెడిక్స్ మాది, బొమ్మల సంగతి నాకు పెద్దగా రాదు. కానీ ఈ థ్రెడ్ చూసి ఆన్‌లైన్ షాపుల నకళ్ళు కొన్ని తెరిచి చూశాను. నవ్వాగలేదు.

పాత బొమ్మల్లో చాలావాటిలో పుర్రెకు కింది దవడ ఉండదు. అది సహజం. దవడను పట్టి ఉంచేది కండరాలూ లిగమెంట్లే కాబట్టి అవి కుళ్ళిపోగానే ఊడిపోతుంది. ఆ డచ్ వాళ్ళు నిజం పుర్రెను ముందు పెట్టుకుని వేశారని అక్కడే తెలుస్తుంది. నకళ్ళలో ఒకాయన దవడ కలిపేశాడు. ఇంకొకాయన ఊడిన పళ్ళన్నీ కట్టించి టూత్‌పేస్ట్ యాడ్‌లా పెట్టాడు. చెంప ఎముక వంపు కింద ఖాళీ ఉండాలి, అవతలి నీడ కనిపించాలి. సగంమంది అక్కడ రంగు పూసి మూసేశారు. కణత దగ్గర పుర్రె లోపలికి కాస్త నొక్కుకుపోయి ఉంటుంది, అది లేకపోతే కోడిగుడ్డే. అక్కగారి దగ్గర పుర్రె ఉందా, లేక ఫోటో చూసి వేస్తారా?

---

నూనెరంగుల_అక్క (విశాఖపట్నం)

డాక్టర్ గారూ, మెడికల్ స్టూడెంట్లు వాడే ప్లాస్టిక్ పుర్రె ఒకటి ఉంది. అసలు బొమ్మలోని కోణంలోనే తిప్పి, ఎడమ పక్క కిటికీ తెరిచి పెట్టుకుంటాను. బొమ్మను నకలు తీస్తున్నా సరే, వస్తువును ఒకసారి కళ్ళారా చూడకపోతే గీత చచ్చుబడుతుంది. గ్లాసు మాత్రం దొరకలేదు. వాళ్ళు తాగిన ఆ లావు కాడ గ్లాసుకు కాడ మీద గాజు బొడిపెలు ఉంటాయి, జారకుండా పట్టుకోడానికి. మన బజారులో ఏదో ఆకుపచ్చ గ్లాసుతో సరిపెట్టుకున్నాను.

---

ఎందుకొచ్చిన_గొడవ (వరంగల్)

సరే, కళ ఒప్పుకున్నాను. ఒక అనుమానం మిగిలింది. ఈ బొమ్మ చెప్పేదేమిటి? సంపద నిలవదు, చదువు నిలవదు, నువ్వూ నిలవవు అని. ఆ మాట చెప్పించుకోడానికి డబ్బు పోసి, మంచి ఫ్రేము కట్టించి, గోడకు మేకు కొట్టి, వచ్చినవాళ్ళకు చూపించుకోవడం! ఇందులో ఏదో తిరకాసు లేదూ?

---

ప్రసంగి_చదివేవాడు (రాజమండ్రి)

ఆ తిరకాసు మొదటినుంచీ ఉంది. బైబిల్‌లో ప్రసంగి గ్రంథం మొదలే "వ్యర్థము వ్యర్థము" అంటూ. ఈ చిత్రాలకు ఆ పేరు వచ్చింది లాటిన్ బైబిల్‌లో అదే వాక్యం నుంచి. ఆ మాట పలికే ప్రసంగి కూడా యెరూషలేములో రాజునని, ఇళ్ళు కట్టించాననీ తోటలు వేయించాననీ చెప్పుకున్నవాడే. అన్నీ ఉన్నవాడు అంటేనే ఆ మాటకు బరువు. మన బలి చక్రవర్తి కూడా మూడు లోకాలూ చేతిలో ఉన్నప్పుడే కదా ఆ రాజులంతా ఏమైపోయారని గురువుగారిని అడిగింది.

---

హేగ్_పక్కూరోడు (నెదర్లాండ్స్)

తిరకాసును దాచిపెట్టకుండా బొమ్మలోకే ఎక్కించినవాళ్ళూ ఉన్నారు. లండన్ నేషనల్ గ్యాలరీలో హార్మెన్ స్టీన్‌వైక్ వేసిన వానిటాస్ ఉంది, 1640 ప్రాంతానిది. పుర్రె పక్కన జపాన్ కత్తి, సముద్రపు గవ్వ, పట్టు గుడ్డ, సంగీత వాయిద్యాలు. ఆ రోజుల్లో జపాన్ కత్తి ఎవరి ఇంట్లో ఉంటుంది? డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడల లాభం తిన్నవాళ్ళ ఇంట్లో. వాళ్ళ అల్మారాలోని వస్తువులనే వాళ్ళ ముందు పెట్టి ఇవన్నీ పోతాయి అని చెప్పే బొమ్మ. వాళ్ళే ఇష్టపడి కొనుక్కున్నారు.

స్టీన్‌వైక్ పని నేర్చుకున్నది లేడెన్‌లో. ఈ రకం బొమ్మలకు పుట్టిల్లు లాంటి ఊరు. 1575లో పెట్టిన విశ్వవిద్యాలయం, గట్టి కాల్విన్ మతస్థులు (కఠిన నియమాల ప్రొటెస్టెంట్ క్రైస్తవులు), శవాలను కోసి చూపించే అనాటమీ థియేటర్. 1610 నాటి ఒక చెక్కుడు చిత్రంలో ఆ థియేటర్ కనిపిస్తుంది: వరసల మీద అస్థిపంజరాలు నిలబడి చావు గురించిన జెండాలు పట్టుకుని ఉంటాయి. అలాంటి ఊళ్ళో పుస్తకాలూ పుర్రే కలిపి బొమ్మ వేయడంలో ఆశ్చర్యం లేదు. స్టీన్‌వైక్‌కు మేనమామా గురువూ అయిన డేవిడ్ బేయీ 1651లో వేసిన చిత్రం ఇప్పటికీ లేడెన్‌లోనే, లాకెన్‌హాల్ మ్యూజియంలో ఉంది. ఒక కుర్రవాడు చేత్తో చిన్న చిత్రపటం పట్టుకుని కూర్చుంటాడు. పటంలో ఉన్నది ముసలాయన. ఆ ముసలాయనే ఆనాటి బేయీ, అరవయ్యేళ్ళు దాటినవాడు. కుర్రవాడు యౌవనంలోని బేయీ. వర్తమానం పటంలో, గతం కుర్చీలో. గాల్లో సబ్బు బుడగలు. దీనికి మాత్రం చేతి నకలు ఎవరూ బాగా వేయగా నేను చూడలేదు, రెండు ముఖాలూ ఒకే మనిషివని తెలియాలి కదా.

ఇంకా ముందుకు పోతే 1603లో జాక్ డ గైన్ వేసినది ఉంది, అదీ మెట్రోపాలిటన్‌లోనే. పుర్రె మీద పెద్ద బుడగ తేలుతుంది, ఒక పక్క తులిప్ పువ్వు, కింద నాణేలు. బుడగలోకి తేరిపారి చూస్తే శిక్షలు వేసే చక్రం, కుష్ఠురోగులు మోగించే గిలక్కాయ కనిపిస్తాయి. విడిగా వానిటాస్ స్టిల్ లైఫ్ అని చెప్పుకోదగ్గ వాటిలో మనకు మిగిలినవాటికల్లా పాతది ఇదేనంటారు. తర్వాత ఇక్కడ తులిప్ దుంపలను ఎగబడి కొనే పిచ్చి ముదిరి 1637 ఫిబ్రవరిలో వాటి ధరలు కుప్పకూలాయి. పువ్వు పక్కన పుర్రె పెట్టినవాడు ముప్పై ఏళ్ళకు పైగా ముందున్నాడు.

---

బందరు_వీధి (మచిలీపట్నం)

కంపెనీ పేరు వచ్చింది కాబట్టి మా ఊరి మాట ఒకటి. ఆ డచ్ కంపెనీ కోరమాండల్ తీరంలో మొదట అడుగుపెట్టిన చోట్లలో మచిలీపట్నం ఒకటి. 1613లో పులికాట్‌లో కోట కట్టుకున్నారు. మా అద్దకం బట్టలు ఇక్కడి నుంచే వాళ్ళ ఓడలెక్కాయి. ఇక్కడి వాళ్ళ సమాధుల మీద కుటుంబ చిహ్నాలు చెక్కిన రాళ్ళు చూడొచ్చు, భీమిలిలో కూడా.

వానిటాస్ బొమ్మను రాతిలో చూడాలంటే పులికాట్ వెళ్ళండి. సరస్సు ఎక్కువభాగం మనవైపు ఉన్నా ఆ ఊరు తమిళనాడులోది. అక్కడి డచ్ శ్మశానం ద్వారానికి అటొకటి ఇటొకటి రాతి అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి, ఇసుక గడియారంతో, పుర్రెతో. క్లాస్ హార్లెమ్‌లో కుంచె పట్టిన ఆ శతాబ్దంలోనే ఈ తీరంలో జ్వరాలతో పోయినవాళ్ళకు అవే గుర్తులు చెక్కించారు. లోపల సమాధి రాళ్ళ మీది అక్షరాల నగిషీ చూస్తే వీళ్ళకు చావంటే భయం కన్నా శ్రద్ధ ఎక్కువేమో అనిపిస్తుంది. పురావస్తు శాఖ వాళ్ళ సంరక్షణలో ఉంది.

---

చదువులగది (హైదరాబాద్)

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. సైజు విషయంలో అక్క మాటే నా మాట. ఆ షాపు వాళ్ళను పక్కల సంగతి అడిగితే "ఆర్టిస్ట్ అడ్జస్ట్ చేస్తాడు సార్" అన్నారు.

ఇప్పుడు కొత్త టెన్షన్. అమ్మకు ఫోన్‌లో బొమ్మ చూపించాను. "ఇంట్లో పుర్రె బొమ్మేంట్రా, శ్మశానమా?" అంది. మా ఆవిడ ఏమీ అనలేదు, అది ఇంకా ప్రమాదం.

---

వాస్తు_వేంకటం (తిరుపతి)

అమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పుర్రె, ఎండిన పూలు, ఆగిపోయిన గడియారం ఇంట్లో ఉండకూడదు. నైరుతిలో పెడితే మరీ...

---

ఎందుకొచ్చిన_గొడవ (వరంగల్)

శివుడి పటం తీసేయమంటారా? ఆయన మెడలో ఉన్నవేమిటి మరి? కాళికామాత సంగతి?

---

మోడరేటర్

వాస్తు మీద తర్వాత వచ్చిన పదకొండు పోస్టులను వేరే థ్రెడ్‌కు తరలించాను. ఇక్కడ బొమ్మల గురించి మాట్లాడుకుందాం.

---

నూనెరంగుల_అక్క (విశాఖపట్నం)

ఈ గొడవ నాకు కొత్త కాదు. పుర్రె బొమ్మ అడిగినవాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడాక మళ్ళీ ఫోన్ చేస్తారు. పెద్దావిడను నొప్పించి గోడకు ఏదీ తగిలించకండి. మీకు గోడ నిండుగా కావాలన్న కోరిక కూడా ఉంది కాబట్టి ఒక దారి చెప్తాను.

విల్లెమ్ క్లాస్ హేడా 1635లో వేసిన భోజనం బల్ల బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది. బంగారు పూత కప్పు ఉన్నది. కొలత 88 x 113 సెంటీమీటర్లు. అసలు సైజులోనే దాదాపు మూడడుగులకు మూడున్నర అడుగుల పైన, సాగదీయక్కర్లేదు, కోయక్కర్లేదు. పుర్రె లేదు. ఎవరో తింటూ తింటూ లేచి వెళ్ళిపోయినట్టు ఉంటుంది: ఆల్చిప్పలు, సగం తొక్క తీసిన నిమ్మకాయ, పక్కకు పడిపోయిన వెండి పాత్ర, గాజు గ్లాసులో కిటికీ. అమ్మగారికి ఇది భోజనాల బొమ్మ. మీకు తెలిసింది మీకు తెలుసు.

వేయడానికి మాత్రం నాకు చుక్కలు కనిపిస్తాయి. వెండి, తగరం, గాజు, తెల్ల గుడ్డ, ఇన్ని రకాల బూడిద రంగులు ఒకదాని పక్కన ఒకటి. నిమ్మకాయ ఒక్కటే గట్టి రంగు. ఆ కాలంలో పసుపుకు సీసమూ తగరమూ కలిపిన రంగు వాడేవాళ్ళు. పద్దెనిమిదో శతాబ్దం మధ్యకల్లా వాడకం పోయి, జనం దాన్ని మరిచేపోయారు. 1941లో జర్మనీలో పాత బొమ్మలను పరీక్షిస్తుంటే మళ్ళీ బయటపడింది. నేను వేరే పసుపులు కలిపి దగ్గరకు తెస్తాను, అచ్చంగా అది రాదు.

---

హేగ్_పక్కూరోడు (నెదర్లాండ్స్)

హేడా బొమ్మ వానిటాసేనా అన్నదాని మీద ఇక్కడ పండితులే తన్నుకున్నారు అక్కా. 1970ల్లో ఎడ్డీ డ యోంగ్ అనే ఆయన, ఆ కాలపు నీతి పద్యాల పుస్తకాలు ముందు పెట్టుకుని, డచ్ బొమ్మల్లో కనిపించే ప్రతి వస్తువు వెనకా దాగిన అర్థం చదవొచ్చని చూపించాడు. 1980ల్లో అమెరికా పండితురాలు స్వెత్లానా ఆల్పర్స్ అడ్డుపడింది. వాళ్ళకు లోకాన్ని కళ్ళతో పట్టుకోవడమే ముఖ్యం, నిమ్మకాయను నిమ్మకాయగా వేయడంలోనే వాళ్ళ ఆలోచన ఉంది అన్నది ఆమె వాదన. నేను ఆల్పర్స్ వైపు. నిమ్మతొక్క వేలాడుతుంటే ప్రతిసారీ జీవితం చేదు అని చదువుకోవాలా? పుర్రె ఉన్న చోట పుర్రె ఉంది, సందేహం లేదు.

---

ప్రసంగి_చదివేవాడు (రాజమండ్రి)

తింటున్నవాళ్ళు లేరు, తిండి ఉంది. నాకైతే అది చాలు.

పుర్రె ఉన్నా చూడముచ్చటగా ఉండేది ఇంకొకటి. మరియా వాన్ ఓస్టర్‌వైక్ 1668లో వేసింది, వియన్నాలో ఉంది. పూలు, ఖగోళపు గోళం, సీతాకోకచిలుక, ధాన్యం కంకిని కొరుకుతున్న చిట్టెలుక. గాజు సీసా మీద చిత్రకారిణి తన ప్రతిబింబాన్ని కూడా చిన్నగా వేసుకుంది. ఆ కాలంలో ఆడవాళ్ళు ఈ పని చేసి పేరు తెచ్చుకున్నారని చాలామందికి తెలియదు.

---

పటాల_షాపు (విజయవాడ)

ఫ్రేము గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి. ఈ బొమ్మలకు మెరిసే బంగారు బీడింగ్ వేయించకండి. ఆ దేశంలో వీటికి ఎక్కువగా నల్ల ఫ్రేములు ఉంటాయి, ఎబొనీ చెక్కవి లేదా అలా కనిపించేలా నల్లగా చేసినవి, కొన్నింటి మీద అలల్లా సన్నని గాట్లు. మన దగ్గర టేకు మీద నల్ల పాలిష్ చేయిస్తే చాలు. ఆయిల్ పెయింటింగ్ కదా, ముందు గాజు పెట్టకండి.

కోస్తాలో అయితే వెనక గోడకు తగలకుండా నాలుగు మూలలా కార్కు బిళ్ళలు అంటించండి, గాలి ఆడాలి. వానాకాలం గోడ చెమ్మకు కాన్వాస్ వెనక బూజు పట్టి మా షాపుకు వచ్చినవి చాలా ఉన్నాయి. అగరుబత్తి పొగ తగిలే చోట, వంటింటి పక్క గోడకు వద్దు.

"పాతదనం" కోసం పగుళ్ళ వార్నిష్ పూయమని అడుగుతుంటారు కొందరు. నేను పూయను. పగుళ్ళు వాటంతటవి రావాలంటే ఇంకో వందేళ్ళు ఆగమంటాను.

---

చదువులగది (హైదరాబాద్)

ఇంట్లో చర్చ ముగిసింది. ఫలితం: హాల్లో ఏ బొమ్మా లేదు, అక్కడ అమ్మ వేంకటేశ్వరస్వామి పటమే ఉంటుంది. నా రాతబల్ల మీద, నేను మాత్రమే కూర్చునే వైపు, క్లాస్ 1628 బొమ్మ అసలు సైజులో. తలుపు తీస్తే కనిపించకూడదన్నది అమ్మ షరతు. మా ఆవిడ హేడా నిమ్మకాయను డైనింగ్ గోడకు అడిగింది, అది వచ్చే ఏడాది చూద్దామన్నాను.

అక్కా, మీరు వేస్తారా? చెక్క మీదా, కాన్వాస్ మీదా? సంతకం సంగతేంటి? అందులో క్లాస్ వేసుకున్న పొడి అక్షరాలు ఉంటాయి కదా.

---

నూనెరంగుల_అక్క (విశాఖపట్నం)

వేస్తాను. దసరా దాకా చేతిలో పని ఉంది, ఆ తర్వాత మొదలుపెడతాను. ఇంత చిన్న బొమ్మకు కాన్వాస్ నేత అడ్డం వస్తుంది, నున్నటి పలక కావాలి. వాళ్ళది ఓక్ చెక్క. ఇక్కడి వాతావరణానికి పల్చటి చెక్క వంగిపోతుంది కాబట్టి అల్యూమినియం కాంపోజిట్ పలక మీద గెస్సో (రంగు పట్టడానికి వేసే తెల్ల పూత) పూసి, గోధుమ రంగు అస్తరు వేసి మొదలుపెడతాను. మొదట అంబర్‌తో వెలుగు నీడలు మాత్రమే. ఆ దశలో ఫోటో పంపిస్తాను, అక్కడ మీకు నచ్చకపోతే ఆపేయొచ్చు. రంగులు ఎక్కాక మార్పులు అడగొద్దు. ప్రతి పొరా ఆరాలి, పైకి పోయేకొద్దీ నూనె పాలు పెరగాలి, లేకపోతే తర్వాత చిట్లుతుంది. మధ్యలో తొందరపెట్టే ఫోన్లు చేయకండి.

క్లాస్ అక్షరాలు వేయను. వెనక పలక మీద ఇది నకలని, నా పేరు, సంవత్సరం రాస్తాను. చెరిపితే తెలిసేలా రాస్తాను.

ఇంటికి వచ్చాక ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా చివరి వార్నిష్ వేయకూడదు. నూనె రంగు నీళ్ళలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్ పీల్చి పైనుంచి లోపలికి మెల్లగా గట్టిపడుతుంది. పైకి ఆరినట్టుంటుంది గానీ లోపల ఆరదు. అప్పటిదాకా పల్చటి తాత్కాలిక వార్నిష్ ఉంటుంది, తడిగుడ్డతో తుడవకండి, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి.

డాక్టర్ గారూ, అంబర్ దశలో ఫోటో మీకూ పంపిస్తాను. చెంప ఎముక కింద ఖాళీ సరిగ్గా ఉందో లేదో చెప్పండి.

---

ఎముకల_డాక్టరు (గుంటూరు)

తప్పకుండా. ఫీజు ఉండదు.

---

పటాల_షాపు (విజయవాడ)

పలక మందం ఎంతో ముందే చెప్పండి మేడమ్. కాన్వాస్ చట్రానికి కోసే గాడి లోతు వేరు, పలకకు వేరు.